రెండు లక్షల ముప్పై వేల ఓట్ల తేడా: ఒకసారి కెన్యా తగలబడింది, ఒకసారి కోర్టుకెళ్లింది

2007 డిసెంబరులో కెన్యా అధ్యక్షుడు మ్వాయ్ కిబాకి తన ప్రత్యర్థి రైలా ఒడింగా మీద 2,31,728 ఓట్ల తేడాతో గెలిచారని ఎన్నికల సంఘం ప్రకటించింది. పదిహేనేళ్ల తర్వాత, 2022 ఆగస్టులో, విలియం రూటో అదే రైలా మీద 2,33,211 ఓట్లతో గెలిచారు. తేడా దాదాపు ఒకటే, ఓడిన మనిషీ ఒకరే, రెండుసార్లూ ఫలితం నమ్మదగింది కాదన్న ఆరోపణా ఒకటే. మొదటిసారి రెండు నెలల్లో 1,100 మందికి పైగా చనిపోయారు. రెండోసారి వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లి రెండు వారాల్లో తేలిపోయింది.

ఎన్నికలు దేశాన్ని రెండుగా చీల్చాక ఆ చీలిక మానుతుందా అని చాలా దేశాల్లో అడుగుతున్నారు. కెన్యా ఈ ప్రశ్నకు ఒకటికి నాలుగు సమాధానాలు వెతికి, అన్నింటి ఖరీదూ చెల్లించిన దేశం.

క్లుప్తంగా

2007 గొడవలకు కారణం ఓట్ల తేడా చిన్నది కావడం కాదు. ఓడినవాళ్లకు చేతిలో ఏమీ మిగలకపోవడం, వాళ్లు వెళ్లి అడగడానికి నమ్మకమైన చోటు లేకపోవడం. 2010 రాజ్యాంగం ఈ రెండింటినీ కొంతవరకు సరిచేసింది. నాయకుల మధ్య రాజీలు హింసను ఆపాయి, కానీ భూమి, పరిహారం వంటి పాత లెక్కలను పక్కకు నెట్టేశాయి. 2024 నాటికి కొత్త చీలిక వచ్చింది: తెగల మధ్య కాదు, యువతకూ మొత్తం రాజకీయ వర్గానికీ మధ్య.

చీకటి పడే వేళ ప్రమాణ స్వీకారం

2007 డిసెంబరు 27న పోలింగ్ జరిగింది. తొలి రెండు రోజులు రైలా ముందంజలో ఉన్నారు. తర్వాత కిబాకికి బలమున్న ప్రాంతాల ఫలితాలు ఆలస్యంగా, అనుమానం వచ్చే పోలింగ్ శాతాలతో రావడం మొదలైంది. డిసెంబరు 30 సాయంత్రం ఎన్నికల సంఘం చైర్మన్ శామ్యూల్ కివుయిటు ప్రభుత్వ టీవీలో ఫలితం చదివారు. గంట తిరగకుండానే అధ్యక్ష భవనం పచ్చికలో, చీకటి పడుతుండగా, కిబాకి ప్రమాణం చేసేశారు. మూడో రోజుకల్లా కివుయిటే, కిబాకి నిజంగా గెలిచారో లేదో తనకు తెలియదని విలేకరులతో అన్నారు. అంపైర్ అవుటిచ్చి పెవిలియన్‌కు వెళ్లి, అది అవుటో కాదో నాకు తెలియదన్నట్టుంది.

రైలా పార్టీ కోర్టుకు వెళ్లలేదు. జడ్జీలను నియమించింది కిబాకే కదా అన్నది వాళ్ల వాదన. ఎన్నికల సంఘంలోని 22 మందిలో ఎక్కువ మందిని ప్రతిపక్షాన్ని అడగకుండా పోలింగ్‌కు ముందు నియమించింది కూడా ఆయనే. అంతకు పదేళ్ల ముందు పార్టీలు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందానికి అది విరుద్ధం. అంటే ఫిర్యాదు చేయడానికి ఉన్న రెండు తలుపులూ గెలిచినవాడి ఇంట్లోకే తెరుచుకుంటున్నాయి. మిగిలింది వీధి.

నైరోబీలోని కిబేరా మురికివాడలో కుర్రాళ్లు రైలు పట్టాలు పీకేశారు. మొంబాసా రేవు నుంచి ఉగాండాకు సరుకు వెళ్లే లైను అది. పొరుగు దేశంలో పెట్రోలు ధర ఆకాశాన్నంటింది. 2008 జనవరి 1న ఎల్డోరెట్ దగ్గర కియాంబా అనే ఊళ్లో, చర్చిలో తలదాచుకున్న, కిబాకి తెగైన కికుయు కుటుంబాలను గుంపు తగలబెట్టింది. చనిపోయిన ముప్పై మంది దాకా జనంలో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలే. ప్రతీకారంగా నైవాషా, నకూరు పట్టణాల్లో రైలా తెగైన లువో వాళ్లను, ఆయన వైపున్న కలెంజిన్ తెగ వాళ్లను వెతికి మరీ చంపారు. తర్వాత వేసిన వాకీ విచారణ సంఘం మృతులను 1,133గా తేల్చింది. వాళ్లలో మూడో వంతుకు పైగా చనిపోయింది తుపాకీ గుళ్లకు. ఇళ్లు వదిలి పోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు.

రగిలింది ఓట్ల దగ్గర, నిప్పు భూమిలోది

మంట ఎల్డోరెట్, నకూరు పట్టణాలున్న రిఫ్ట్ వ్యాలీ ప్రాంతంలోనే ఎందుకు అంత పెద్దదైందో తెలియాలంటే బ్రిటిష్ కాలానికి వెళ్లాలి. అక్కడి సారవంతమైన ఎత్తు భూములను వలస ప్రభుత్వం తెల్ల రైతుల కోసం కేటాయించి, కలెంజిన్, మసాయి వంటి పశుపోషక తెగలను పక్కకు తోసింది. 1963లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ భూములు తిరిగి పాతవాళ్లకు చేరలేదు. కొనుక్కోగలిగినవాళ్లకు అమ్మారు. జనం చందాలు వేసుకుని భూమి కొనే కంపెనీలు పెట్టారు. తొలి అధ్యక్షుడు జోమో కెన్యాటాది కికుయు తెగ. ఆ పలుకుబడి, బ్యాంకు అప్పులు అందుకున్న కికుయు రైతులు పెద్ద సంఖ్యలో రిఫ్ట్ వ్యాలీకి వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల చేతిలో పట్టా ఉంది. చుట్టుపక్కల వాళ్ల మనసులో ‘ఇది మా తాతల నేల’ అన్న మాట ఉంది.

బహుళ పార్టీ ఎన్నికలు మళ్లీ మొదలైన 1992లో, ఆ తర్వాత 1997 ఎన్నికల చుట్టూ కూడా ఇదే ప్రాంతంలో తెగల దాడులు జరిగాయి. ఓటు చీటీ ఇక్కడ భూమి పట్టాతో ముడిపడింది. కెన్యా రాజకీయాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘ఇప్పుడు తినే వంతు మాది’. అధ్యక్షుడు ఏ తెగవాడైతే రోడ్డు ఆ ఊరికి, ఉద్యోగం ఆ ఇంటికి, భూమి ఆ మనిషికి అన్న అనుభవం నుంచి పుట్టిన మాట. అలాంటి చోట ఎన్నిక ఓడిపోవడమంటే ఐదేళ్లు పస్తుండటమే.

నుసు మ్కాటె

ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ జనవరి చివర్లో నైరోబీ వచ్చి కూర్చున్నారు. నెల రోజులకు పైగా బేరాలు సాగాక ఫిబ్రవరి 28న, అధ్యక్షుడి కార్యాలయమైన హరాంబీ హౌస్ మెట్ల దగ్గర బల్ల వేసి, కిబాకి, రైలా సంతకాలు చేశారు. కిబాకి అధ్యక్షుడిగానే ఉంటారు. రైలా కోసం ప్రధాని పదవిని కొత్తగా సృష్టించారు. అందరినీ సర్దడానికి మంత్రుల సంఖ్య నలభై దాకా పెరిగింది. కెన్యా జనం ఈ ఏర్పాటుకు స్వాహిలీలో ‘నుసు మ్కాటె’ అని పేరు పెట్టారు. అంటే సగం రొట్టె.

సగం రొట్టె హింసను దాదాపు ఒక్క రోజులో ఆపింది. ఈ విషయాన్ని తక్కువ చేయలేం. అయితే కాస్త ఆలోచిస్తే ఇందులో ఒక ఇబ్బందికరమైన సంగతి దాగుంది. నాయకులు చెయ్యి కలపగానే గొడవ ఆగిందంటే, గొడవ తాళం నాయకుల దగ్గరే ఉందన్నమాట. ఊళ్లలో కాలిన ఇళ్ల సంగతి వేరే పద్దు. శిబిరాల్లో ఉన్న కుటుంబాలను వెనక్కి పంపడానికి ప్రభుత్వం ‘రూడి న్యుంబానీ’, అంటే ‘ఇంటికి తిరిగి రా’ అనే కార్యక్రమం పెట్టింది. కుటుంబానికి బతుకు మొదలుపెట్టుకోవడానికి 10 వేల షిల్లింగులు, ఇల్లు కట్టుకోవడానికి 25 వేలు. ఇల్లు తగలబెట్టిన పొరుగువాడు పక్కనే ఉంటాడు, అతని మీద కేసు ఉండదు. కొందరు వెళ్లారు, చాలామంది వెళ్లలేక పట్టణాల అంచుల్లో స్థిరపడ్డారు.

సత్య, న్యాయ, సయోధ్య సంఘం కూడా ఏర్పడింది. 2013 మేలో నివేదిక ఇచ్చింది. అందులో భూముల అధ్యాయాన్ని చివరి నిమిషంలో మార్పించారంటూ ముగ్గురు విదేశీ సభ్యులు విభేదించారు. భూమి దగ్గరకు వచ్చేసరికే అడ్డం పడటం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. 2015లో అధ్యక్షుడు ఉహురు కెన్యాటా పార్లమెంటులో పాత అన్యాయాలకు క్షమాపణ చెప్పి 1,000 కోట్ల షిల్లింగుల నిధి ప్రకటించారు. బాధితులు ఆ తర్వాతా ఏళ్ల తరబడి దాని కోసం ఎదురుచూశారు.

ఓడినవాడికి ఏం మిగిలింది?

సగం రొట్టె ప్రభుత్వం చేసిన పెద్ద పని ఒకటుంది. 2010 ఆగస్టులో రెఫరెండం పెట్టి కొత్త రాజ్యాంగం తెచ్చింది. మూడింట రెండొంతుల మంది అవునన్నారు. ఎన్నికల తర్వాతి చీలిక విషయంలో అది మూడు చోట్ల పట్టు మార్చింది.

మొదటిది, అధికారం ఒక్క చోటే ఉండే పద్ధతి పోయింది. దేశాన్ని 47 కౌంటీలు చేసి, ఒక్కోదానికి ఎన్నికైన గవర్నరును, సభను ఇచ్చారు. జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం కౌంటీలకు పోవాలి. అధ్యక్ష ఎన్నికలో ఓడిన పార్టీకి ఇప్పుడు రైలాకు బలమున్న కిసుములోనో, మొంబాసాలోనో ఆసుపత్రులు నడిపే, రోడ్లు వేసే ప్రభుత్వం మిగులుతుంది. అవినీతి కూడా కౌంటీలకు పంచారని కెన్యన్లే జోకులేస్తారు. అది నిజమే అయినా, నైరోబీలో ఓడితే అంతా పోయినట్టే అన్న భయం మునుపటంత లేదు.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఈ లెక్క తెలిసిందే. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లొస్తే 175లో 23 సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు అంతే శాతం వస్తే దక్కినవి 11. పదిమందిలో నలుగురి ఓటు సభలో వేళ్ల మీద లెక్కపెట్టేంత అవుతుంది. పోలిక ఈ లెక్క వరకే. కెన్యాలో దీనికి తెగ, భూమి తోడవుతాయి.

రెండో మార్పు గెలుపు షరతు. అధ్యక్షుడికి సగానికి మించి ఓట్లు రావాలి, పైగా కనీసం 24 కౌంటీల్లో నాలుగో వంతు ఓట్లు రావాలి. ఏ తెగా ఒంటరిగా దీన్ని దాటలేదు, పొత్తు తప్పనిసరి. ఈ షరతే 2013లో వింత దృశ్యం చూపించింది. 2007లో ఎదురెదురు శిబిరాల్లో ఉన్న ఉహురు, రూటో ఒకే టికెట్ మీద అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థులయ్యారు. ఇద్దరి మీదా 2007 హింస విషయంలోనే అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో అభియోగాలున్నాయి (తర్వాత రెండు కేసులూ వీగిపోయాయి). ఒకరు కికుయు, ఒకరు కలెంజిన్. రిఫ్ట్ వ్యాలీ ఆ ఏడాది ప్రశాంతంగా ఉంది. గాయం మానిందా అంటే, నాయకులిద్దరూ ఒకే జీపు ఎక్కడంతో జనానికి కొట్టుకునే పని లేకుండా పోయింది అనడమే సరిగ్గా ఉంటుంది. ఉహురు గెలిచింది 50.07 శాతంతో, సగం గీతను దాటింది సుమారు 8 వేల ఓట్లతో. రైలా కోర్టుకెళ్లి ఓడిపోయారు, తీర్పు నచ్చకపోయినా ఒప్పుకున్నారు.

మూడోది అంపైర్. సుప్రీంకోర్టు కొత్తగా పుట్టింది. ప్రధాన న్యాయమూర్తి పదవికి అభ్యర్థులను టీవీ కెమెరాల ముందు ఇంటర్వ్యూ చేశారు. అధ్యక్ష ఎన్నికపై పిటిషన్ ఏడు రోజుల్లో వేయాలి, కోర్టు పద్నాలుగు రోజుల్లో తేల్చాలి. ఆ గడువు ముగిసేదాకా ప్రమాణ స్వీకారం జరగదు. సాయంత్రం ప్రకటన, మునిమాపు వేళ ప్రమాణం అన్నది ఇక కుదరదు.

ఒక్క కాగితం: ఫారం 34ఏ

పై మూడింటికంటే జనం నమ్మకం మీద ఎక్కువ పనిచేసింది ఒక మామూలు ఫారం. కెన్యాలో ఓట్లు లెక్కించేది పోలింగ్ బూత్‌లోనే. బూత్‌కు గరిష్ఠంగా 700 మంది ఓటర్లు. పోలింగ్ అయ్యాక ప్రిసైడింగ్ ఆఫీసర్ పెట్టె సీలు తీసి, ఒక్కో బ్యాలెట్ పైకెత్తి, పేరు చదివి, ఏజెంట్లకు చూపిస్తారు. లెక్క తేలాక అంకెలను ఫారం 34ఏలో చేత్తో రాసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుని, ఒక ప్రతిని తలుపుకు అంటిస్తారు. ట్యాబ్‌తో ఫొటో తీసి నైరోబీకి పంపుతారు. అక్కడ రాసిన అంకెను పైవాళ్లు మార్చడానికి వీల్లేదు. మన దగ్గర పోలింగ్ ముగిశాక ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సీలో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయన్నదే ఉంటుంది. ఎవరికెన్ని అన్నది తేలేది కౌంటింగ్ కేంద్రంలో. కెన్యాలో ఫలితమే గుమ్మం దగ్గర తేలిపోతుంది.

2017లో ఈ గొలుసు తెగింది. ఫారాలన్నీ చేరకముందే, రైలా మీద ఉహురు మళ్లీ గెలిచారని ప్రకటించారు. కోర్టు సర్వర్లు చూపించమంటే ఎన్నికల సంఘం సరిగ్గా చూపించలేదు. సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా నేతృత్వంలోని సుప్రీంకోర్టు 4-2 మెజారిటీతో ఎన్నికను రద్దు చేసింది. ఆఫ్రికాలో గద్దె మీదున్న అధ్యక్షుడి గెలుపును కోర్టు కొట్టేయడం అదే మొదటిసారి. అయినా చీలిక తగ్గలేదు, పెరిగింది. ఎన్నికల సంఘం మారకుండా మళ్లీ పోటీ ఎందుకని రైలా రెండో పోలింగ్‌ను బహిష్కరించారు. 39 శాతం మందే ఓటేస్తే ఉహురుకు 98 శాతం వచ్చాయి. ఒక్క తీర్పు సరైనదైతే చాలదు, ఆ తీర్పు అమలు చేసే సంస్థ మీదా నమ్మకం ఉండాలి. 2018 జనవరి 30న రైలా నైరోబీలోని ఉహురు పార్కులో ‘ప్రజల అధ్యక్షుడు’గా తనకు తానే ప్రమాణం చేసుకున్నారు.

2022లో ఎన్నికల సంఘం పాఠం నేర్చుకుంది. 46 వేలకు పైగా ఉన్న బూత్‌ల ఫారాలను అందరికీ కనపడేలా పోర్టల్‌లో పెట్టేసింది. టీవీ చానళ్లు, పార్టీలు, ఇంట్లో కూర్చున్న కాలేజీ కుర్రాళ్లు తలా ఒక చోట కూడుకోవడం మొదలుపెట్టారు. ఫలితం ప్రకటించే రోజు, దేశం మొత్తం ఓట్లు కూడే కేంద్రమైన బోమాస్ హాల్లో తోపులాట జరిగింది. ఏడుగురు కమిషనర్లలో నలుగురు బయటికొచ్చి లెక్క తమకు సమ్మతం కాదన్నారు. నలుగురు అభ్యర్థుల శాతాలు కూడితే 100.01 వస్తోందన్నది వాళ్ల అభ్యంతరాల్లో ఒకటి. దశాంశాలు సర్దినప్పుడు వచ్చే తేడా అది. 2007లో కమిషన్ ఇలా రెండుగా చీలి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. 2022లో మాత్రం ఫారాలు అందరి ఫోన్లలో ఉన్నాయి, ఎవరు కూడినా కాస్త అటూఇటుగా అదే వచ్చింది. సెప్టెంబరు 5న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా రూటో ఎన్నికను ఖాయం చేసింది. తీర్పుతో గట్టిగా విభేదిస్తున్నా, గౌరవిస్తానని రైలా చెప్పారు.

ఇక్కడ అమెరికాతో పోలిక పనికొస్తుంది. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా. సుప్రీంకోర్టు 5-4తో తేల్చిన మర్నాడే అల్ గోర్ ఓటమి ఒప్పుకున్నారు. 2020లో దేశవ్యాప్తంగా తేడా 70 లక్షలకు పైనే, అరవైకి మించిన కేసులు వీగిపోయాయి, అయినా డొనాల్డ్ ట్రంప్ ఒప్పుకోలేదు, 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద దాడి జరిగింది. అంపైర్ ఎంత గట్టివాడైనా, ఓడినవాడు తలూపితేనే అతని మాట జనంలోకి దిగుతుంది.

హ్యాండ్‌షేక్ ఖరీదు

2018 మార్చి 9న ఉహురు, రైలా చేతులు కలిపారు. అదీ పదేళ్ల నాటి హరాంబీ హౌస్ మెట్ల మీదే. కెన్యాలో ఇప్పటికీ ‘హ్యాండ్‌షేక్’ అంటే అదే. మార్కెట్లు ఊపిరి పీల్చుకున్నాయి, కిసుములో లాఠీలు ఆగాయి. కానీ మర్నాటి నుంచి దేశంలో ప్రతిపక్షం లేకుండా పోయింది. బడ్జెట్‌ను, అప్పులను గట్టిగా నిలదీసేవాళ్లు కరువయ్యారు. ఇద్దరూ కలిసి తలపెట్టిన రాజ్యాంగ సవరణలను కోర్టులు అడ్డుకున్నాయి. పక్కకు నెట్టేశారన్న కోపంతో ఉపాధ్యక్షుడు రూటో తనను ‘హస్లర్’ అని, అంటే రెక్కాడితే గానీ డొక్కాడని మనిషినని చెప్పుకుంటూ, రాజకీయ కుటుంబాల వారసులైన ఉహురు, రైలాలకు ఎదురుగా నిలబడ్డారు. 2022లో రైలాకు ఓటేయమని ఉహురు సొంత కికుయు ప్రాంతాన్ని అడిగితే, వాళ్లు ఎక్కువగా రూటోకు వేశారు. తెగ గీత మొదటిసారి జేబు గీత ముందు కాస్త వెనక్కి తగ్గింది.

అదే జేబు 2024లో రూటో మీదికి తిరిగింది. ఆ ఏడాది ఫైనాన్స్ బిల్లులో రొట్టె మీద కూడా పన్ను ప్రతిపాదించారు. తర్వాత దాన్ని తీసేసినా కోపం ఆగలేదు. జూన్ 25న యువత పార్లమెంటులోకి చొరబడింది, ఆ ఆందోళనల్లో పోలీసు కాల్పులకు పదుల మంది చనిపోయారు. వాళ్ల నినాదం: మాకు తెగ లేదు, పార్టీ లేదు, నాయకుడు లేడు. మర్నాడు రూటో బిల్లు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత చేసింది పాత మందే: రైలా పార్టీ నుంచి నలుగురిని మంత్రులుగా తీసుకున్నారు. ఆర్థిక శాఖ సైతం వాళ్లకే దక్కింది. ఈసారి సగం రొట్టె వీధిలో ఉన్నవాళ్లకు అందలేదు. నాయకుడు లేని ఉద్యమంతో చెయ్యి కలపాలంటే ఎవరి చెయ్యి పట్టుకోవాలి?

2027 ముందు

వచ్చే ఎన్నిక 2027 ఆగస్టు 10న. దానికి ముందు రెండు విషయాలు గమనించాల్సినవి. 2023 జనవరి నుంచి 2025 జూలై దాకా, అంటే రెండున్నరేళ్ల పాటు, ఎన్నికల సంఘంలో పనిచేసే కమిషనర్లే లేరు. కొత్తవాళ్లు ప్రమాణం చేసి కూర్చున్నారు గానీ, 2022లో ఫారాల పోర్టల్‌తో వచ్చిన నమ్మకాన్ని వాళ్లు మళ్లీ మొదటి నుంచి కూడబెట్టాలి.

రెండోది రైలా. ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఐదుసార్లూ ఓడిన ఆయన 2025 అక్టోబరు 15న కేరళలోని కూత్తాట్టుకుళంలో, ఆయుర్వేద చికిత్సకు వచ్చి, పొద్దున నడకకు వెళ్లినప్పుడు కుప్పకూలి చనిపోయారు. 2008లో, 2018లో, 2024లో ఓడినవాళ్ల తరఫున బేరమాడి, సంతకం చేసి, కిసుము వీధుల్ని శాంతపరచింది ఆయనే. 2007 తర్వాత జరిగే అధ్యక్ష ఎన్నికల్లో బ్యాలెట్ మీద రైలా పేరు లేనిది 2027దే మొదటిది కాబోతోంది. తేడా మళ్లీ రెండు లక్షల ముప్పై వేల దగ్గర ఆగితే, ఓటమిని ఒప్పుకుని తన జనానికి నచ్చజెప్పే మనిషి ఎవరన్నది ఇప్పటికైతే ఖాళీగానే ఉంది.